వేసి తీసిన వంద

ఆ వీధిలో మిషనక్కను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బ్యాంకు తరఫున డబ్బు వేసే, తీసే చేతి మిషనొకటి ఆమె దగ్గరుంది కాబట్టి మిషనక్క, అంతే. కట్టుకున్న మొగుడు కూడా మామూలప్పుడు "ఏమోయ్" అనేవాడు, ఒళ్ళు మండితే "మిషనక్కగారూ, మాకూ ఓ కప్పు టీ విత్‌డ్రా చేసి పెడతారా?" అనేవాడు.

అసలు బ్యాంకు అక్కడికి బస్సులో ముప్పావు గంట. అంత దూరం పోయి, వరసలో కాళ్ళు పీక్కుపోయేదాకా నిలబడి, చివరికి అద్దం వెనకాల మనిషి చేత "ఈ ఫారం కాదు" అనిపించుకుని తిరిగి రావడం కూలీనాలీ చేసుకునేవాళ్ళకి కుదిరే పనేనా? అందుకని బ్యాంకు ఆ పనిని ఒక కంపెనీకి అప్పజెప్పింది. కంపెనీ మిషనక్క లాంటివాళ్ళను వీధికొకరిని పట్టుకుంది. వేలు పెట్టు, డబ్బు వెయ్యి, డబ్బు తియ్యి. లావాదేవీకి ఆమెకు రెండు రూపాయలు. అక్షరాలా రెండు. అందులోనే గది అద్దె, కరెంటు, నెట్టు, చీటీలు అచ్చయ్యే కాగితపు చుట్ట. ఈ లెక్క వేసిన మహానుభావుణ్ణి తెచ్చి ఒక్క నెల ఆ కుర్చీలో కూర్చోబెడితే తెలిసొచ్చేది. ఆ కుర్చీకి ఒక కాలు విరిగి తీగతో కట్టి ఉంది కూడానూ.

గది చాలా చిన్నది. పక్కనే పిండి మర. మర తిరిగినంతసేపూ తెల్లటి దుమ్ము వచ్చి మిషన్ మీద వాలేది. వేలు పెట్టే గాజు బిళ్ళను పూటకి పదిసార్లు తుడవాలి. గది మధ్యలో తెర, తెర వెనక మంచం, మంచం మీద ఆమె భర్త. ఆయన మేడలకు రంగులు వేసేవాడు. మూడో అంతస్తు మీంచి పడి నడుం విరిగింది. కాంట్రాక్టరు చేతిలో పెట్టిన ముప్పై వేలు కంపెనీకి డిపాజిట్‌గా కట్టి ఈ మిషను పాయింట్ తెచ్చుకున్నారు. అప్పట్నుంచి ఆయన పని తెర వెనక నుంచి వ్యాఖ్యానం చెప్పడం.

ఇక పెద్దమ్మ సంగతి. రెండిళ్ళ అవతల ఒంటిగదిలో ఉండేది, పాత బట్టలతో బొంతలు కుట్టి అమ్మేది. మిషనక్కకు చుట్టమేమీ కాదు. కానీ ఆయన ఆస్పత్రిలో ఉన్న రెండు నెలలూ ఈ ఇంటికి పూటపూటా వండి పంపింది పెద్దమ్మే. ఒక కన్ను చిన్నతనంలోనే పోయింది. ఉన్న ఒక్క కన్నుతో గోడకి ఆనుకుని, బొంత మోకాళ్ళ మీద పరుచుకుని, వీధిలో పోయేవాళ్ళందరినీ పలకరిస్తూ కుట్టుకునేది. డబ్బు కూడా ఆ బొంతల్లోనే ఒకదాని పొరల మధ్య దాచేది. ఏ బొంతో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

పాయింట్ తెరిచిన మొదటి వారం ఈగలు తోలుకోవడమే సరిపోయింది. అప్పుడు మిషనక్కే వెళ్ళి పెద్దమ్మను పట్టుకుంది.

"ఎలకలు కొరికితే ఏం చేస్తావు పెద్దమ్మా? ఖాతాలో వెయ్యి. పైసా కూడా ఎక్కడికీ పోదు. నాదీ పూచీ."

"నీ పూచీ అంటే చాలే పిల్లా," అని పెద్దమ్మ బొంత విప్పింది. ఆమె దగ్గర ఫోను లేదు. ఖాతాకి ఏదో ఒక నంబరు ఉండాలంటే మిషనక్క తన నంబరే ఇచ్చింది. ఫోన్ లేనివాళ్ళు ముప్పై మందికి పైగా ఉంటే అందరికీ అలాగే ఇచ్చింది. తప్పని ఆమెకు అనిపించలేదు, వాళ్ళకీ అనిపించలేదు.

రెండేళ్ళు ఎలాగో గడిచాయి. అప్పుడు కంపెనీకి లాభాల మీద కన్నుపడింది. ఏరియా సారు మోటారు సైకిలు మీద వచ్చి, చొక్కా జేబుకి గుర్తింపు కార్డు సర్దుకుని చావుకబురు చల్లగా చెప్పాడు.

"చూడండి మేడమ్, పాయింట్లన్నీ నష్టాల్లో ఉన్నాయి. ఇకమీదట నెలకి వెయ్యి లావాదేవీలు దాటాలి. దాటకపోతే కమీషన్ సగం. వరసగా మూడు నెలలు తగ్గితే మిషన్ తీసుకెళ్ళిపోతాం."

"వెయ్యి ఎక్కడ్నుంచి తెచ్చేది సార్? ఈ వీధిలో అన్ని వేళ్ళే లేవు!"

"అది మీ టాలెంట్ మేడమ్," అని నవ్వి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ నెల ఎనిమిది వందల దగ్గర ఆగింది. మిషన్ పోతే తినేదేంటి, ఆయన మందులకేంటి? ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని పెద్దమ్మ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దమ్మ అంతా విని, సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది.

"ఇంతోటి దానికి ఏడుపెందుకే? వేస్తే ఒకటి, తీస్తే ఒకటి అన్నావు. నా ఖాతాలో వంద వెయ్యి, అదే వంద మళ్ళీ తియ్యి. రెండయ్యాయా లేదా? నాకు పోయేదేముంది, వేలేగా!"

ఇంత చిన్న ఉపాయం తనకెందుకు తట్టలేదా అని మిషనక్క పెద్దమ్మను వాటేసుకుంది. మర్నాటి నుంచి మొదలు. వీధిలో ఇంకో నలుగురైదుగురు కూడా మొదట్లో వచ్చి తలో చెయ్యి వేశారు గానీ, వారం తిరక్కుండానే ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పెద్దమ్మ ఒక్కతే మానలేదు. పొద్దున్నే తలుపు తీసీ తియ్యకముందే వచ్చేది, సాయంత్రం లెక్క తగ్గితే మళ్ళీ వచ్చేది. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోరోజు ఐదుసార్లు ఆ వంద లోపలికి పోయి బయటికి వచ్చేది. ఎప్పుడూ ఒకటే నోటు. తెర వెనక నుంచి ఆయన "ఆ నోటు మన కాపురం కంటే ఎక్కువ నలిగిందే!" అనేవాడు. పెద్దమ్మ పడీపడీ నవ్వేది. ఆ లావాదేవీలకు మిషనక్క చీటీ తీసేది కాదు. ఉత్తుత్తి దానికి కాగితం దండగ కదా!

అలా పద్నాలుగు నెలలు. లెక్క ఒక్క నెల కూడా వెయ్యికి తగ్గలేదు. కమీషన్ పూర్తిగా వచ్చింది. తీగ కట్టిన కుర్చీ పోయి కొత్త కుర్చీ వచ్చింది. ఏరియా సారు ఈసారి స్వీటు డబ్బాతో వచ్చాడు.

"అదరగొట్టేశారు మేడమ్! ఏరియా మొత్తం మీద లాభాల్లో ఉన్న పాయింట్లలో మీదే మొదటిది. ఫీజుల ఆదాయం చూసి పైవాళ్ళకి మతిపోయింది. ఈ నెలాఖరు మీటింగులో మీకు ఉత్తమ పాయింట్ బహుమతి, ఇరవై ఐదు వేలు!"

ఏ ఫీజులు సార్ అని అడగాల్సింది. అయ్యో, ఆ ఒక్క మాట నోట రాలేదు. ఇరవై ఐదు వేలనే మాట వినగానే ఆమె చెవులు మిగతావన్నీ మూసేసుకున్నాయి.

సరిగ్గా ఆ వారంలోనే పెద్దమ్మ కన్ను మసకబారడం మొదలైంది. కంటాస్పత్రికి మిషనక్కే తీసుకెళ్ళింది. డాక్టరమ్మ దీపం వేసి చూసి, కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందనీ, లోపలి నరం ఎండిపోతోందనీ, వెంటనే ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు నిలుస్తుందనీ, పోయింది మాత్రం తిరిగి రాదనీ చెప్పింది. ఖర్చు ముప్పై ఎనిమిది వేలు. ఉచితంగా చేసే చోట వంతు రావడానికి ఆర్నెల్లు పడుతుంది.

"పర్లేదు డాక్టరమ్మా," అంది పెద్దమ్మ దర్జాగా. "నా ఖాతాలో నలభై ఒక్క వేల రెండొందలున్నాయి. ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు."

అక్షరం ముక్క రాని మనిషి, వేసిన ప్రతి పైసా నోటి లెక్కలో ఉంచుకుంది. శుక్రవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు.

బుధవారం మధ్యాహ్నం పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, డబ్బు పెట్టుకోవడానికి గుడ్డ సంచీ పట్టుకుని వచ్చింది. వేలు పెట్టింది. మిషనక్క ముప్పై ఎనిమిది వేలు కొట్టింది. చాలినంత నిల్వ లేదని మిషన్ ఎర్రగా చూపించింది. ఏదో పొరపాటు పడి ఉంటుందని నిల్వ ఎంతో చూసింది. పదమూడు వేల నూట నలభై.

అంకెలు ఒక్కొక్కటే వేలితో చూపుకుంటూ మళ్ళీ చదివింది.

"ఏమే, రావట్లేదా?" అంది పెద్దమ్మ, మసక కన్ను చికిలించి.

"సర్వర్ లేదు పెద్దమ్మా. రేపు రా."

ఆ పనిలో ఉన్నవాళ్ళు రోజుకి పదిసార్లు అనే మాట అది. నిజమున్నప్పుడూ అంటారు, విసుగొచ్చినప్పుడూ అంటారు. అందుకే అంత తేలిగ్గా వచ్చేసింది. పెద్దమ్మ "సరేలే" అని ఖాళీ సంచీ మడుచుకుని వెళ్ళింది.

మిషనక్క షట్టరు సగానికి దించి ఫోను తీసింది. ముప్పై మంది ఖాతాల సందేశాలు రోజుకి రెండు వందలు వచ్చిపడుతుంటే పడలేక, మోగకుండా చేసి ఏనాడో వదిలేసింది. ఇప్పుడు వెనక్కి జరుపుకుంటూ పోయింది. పెద్దమ్మ ఖాతా, ఇరవై కోత. పెద్దమ్మ ఖాతా, ఇరవై కోత. మళ్ళీ ఇరవై. నెలకి నాలుగుసార్లు తీస్తే ఉచితం, ఆపైన తీసిన ప్రతిసారీ ఇరవై రూపాయలు. నిబంధన మారి ఏడాది దాటింది. కంపెనీ గ్రూపులో నలభై పేజీల ఇంగ్లీషు కాగితం పెట్టి చేతులు దులుపుకుంది. దాన్ని చదివిందెవరు? పద్నాలుగు నెలల్లో పద్నాలుగు వందలసార్లు ఆ నలిగిన నోటు బయటికి వచ్చింది. తనకి రెండిచ్చి, పెద్దమ్మ దగ్గర ఇరవై లాక్కున్నారు. ఆ లాక్కున్న సంగతి ప్రతిసారీ ఎవరి ఫోనుకి చెప్పారయ్యా అంటే, తన ఫోనుకే.

తెర పక్కకి తీసి భర్త మంచం పట్టె మీద కూలబడింది. ఆయన అంతా విన్నాడు. ఎప్పుడూ లేనిది, ఒక్క జోకూ వెయ్యలేదు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్. మిషన్ కంపెనీ మొహాన కొట్టి డిపాజిట్ వెనక్కి తీసుకో."

"తీసుకుంటే రేపట్నుంచి ఏం తింటాం?"

"అది నా నడుం తాలూకు డబ్బు. నడుం ఎలాగూ రాదు. ఆవిడ కన్నైనా దక్కనీ."

"పన్నెండు రోజులు ఆగితే బహుమతి డబ్బు వస్తుందయ్యా. సరిగ్గా ఆపరేషన్‌కి తగ్గినంత. ఖాతాలో వేసేస్తే పెద్దమ్మకి తెలియను కూడా తెలియదు. పాయింటూ ఉంటుంది. పన్నెండు రోజులేగా!"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆమె బ్యాంకుకి పోయింది. అద్దం వెనకాల మనిషి నిబంధన ప్రకారమే కోశామన్నాడు. మరీ బతిమాలితే, "అసలు ఒకే వంద ఇన్నిసార్లు ఎందుకు తిరిగిందమ్మా? రాసివ్వండి, విచారణ వేస్తాం" అన్నాడు. రాసిస్తే దొంగ లావాదేవీలని మిషన్ పోతుంది, డిపాజిట్ కూడా పోయినా పోతుంది. నోరు మూసుకుని వచ్చేసింది. పిండి మర ఆయన్ని అడిగింది, చెప్పుల కొట్టు ఆయన్ని అడిగింది, ఎందుకో చెప్పకుండా అప్పడిగితే ఎవరిస్తారు? ఇవ్వలేదు. పెద్దమ్మకి మాత్రం రోజుకో అబద్ధం. సర్వర్ లేదు. పెద్ద మొత్తం కదా, పై ఆఫీసు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే ఆయన సెలవులో ఉన్నాడు. ఆస్పత్రికి ఫోను చేసి ఆపరేషన్ వాయిదా వేయించింది కూడా తనే. ఫోనెత్తిన నర్సు "ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ రాసిందండీ, వద్దు" అంది. ఆ మాట పెద్దమ్మ దాకా పోనివ్వలేదు.

పెద్దమ్మ రోజూ వచ్చి ఆ కొత్త కుర్చీలో కూర్చునేది. రెండో వారానికి గుమ్మం మెట్టు కనపడక తట్టుకుంది. "ఇవాళైనా వచ్చిందా ఆ మాయదారి సర్వరు?" అనేది. డబ్బు రాకపోతేనేం అని, లెక్క కోసం వేలు ముందుకు చాపేది. "వద్దు పెద్దమ్మా, ఇవాళ చాలు" అని మిషనక్క ఆ వేలు పట్టుకుని వెనక్కి పెట్టేది. అయినా చెప్పలేదు. పదిరోజులేగా, ఐదు రోజులేగా, రేపేగా!

నెలాఖరు మీటింగులో పెద్ద హాలు, చల్లటి గాలి, మైకు. ఆమెను వేదిక మీదికి పిలిచి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. చేతిలో కంపెనీ గుర్తున్న గోడ గడియారం పెట్టారు, అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఒకటి. కిందికి దిగాక ఏరియా సారు చెవిలో ఊదాడు.

"నగదు ఈసారి బడ్జెట్లో లేదట మేడమ్. వచ్చే మూడు నెలల్లో చూద్దాం. ముందైతే ఫొటో దిగండి."

ఆమె ఫొటో దిగింది. ఆ ఫొటోలో నవ్వుతున్నట్టే ఉంటుంది.

మర్నాడు పొద్దున మిషన్, తీగలు, బోర్డు సంచీలో వేసుకుపోయి కంపెనీ బల్ల మీద పెట్టింది. "ఉత్తమ పాయింట్ వచ్చిన మర్నాడే మానేస్తారా? మతుందా మీకు?" అన్నాడు ఏరియా సారు. ఆమె సంతకం పెట్టింది. గాజు మీద గీతలున్నాయని డిపాజిట్‌లో మూడు వేలు కోసుకుని, మిగతాది ఇవ్వడానికి ఇరవై మూడు రోజులు తిప్పించుకున్నారు. ఆ డబ్బు పెద్దమ్మ ఖాతాలో పడి, బ్యాంకు నుంచి తెచ్చి ఆస్పత్రిలో కట్టేసరికి మొదట ఖాయం చేసిన శుక్రవారం పోయి ఆరు శుక్రవారాలయ్యాయి.

ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ మిషనక్కను పక్కకి పిలిచింది.

"ఒత్తిడి తగ్గించగలిగాం గానీ నరం ముందే ఎండిపోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతకంటే కష్టం. నేను చెప్పినప్పుడే వచ్చి ఉంటే చక్కగా చూసేది. ఎందుకు చేశారమ్మా ఇంత ఆలస్యం?"

పెద్దమ్మ చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. మంచం మీంచే అందుకుంది.

"దాన్నేమీ అనకండి డాక్టరమ్మా. పాపం అది ఏం చేస్తుంది? సర్వర్ రాలేదు. నాకోసం తిరిగి తిరిగి పిల్ల చిక్కి సగమైంది."

ఆ మాట వార్డులో పక్క మంచం వాళ్ళకి చెప్పింది, ఆటో అతనికి చెప్పింది, ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మిషనక్క రోజూ వెళ్ళి అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది, ప్రతిసారీ ఆ మాట వినేది. నాలుగు రోజులు విన్నది. ఐదో రోజు పళ్ళెం కింద పెట్టేసి, పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం కక్కేసింది. వంద నోటు, ఇరవై కోతలు, ఫోనుకొచ్చిన సందేశాలు, బహుమతి, గడియారం, ఏదీ దాచలేదు.

పెద్దమ్మ చేతికి దొరికిన బొంత అంచును వేళ్ళతో తడుముతూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"పోయిన డబ్బు సంగతి వదిలెయ్. వంద వేసి తియ్యమన్నది నేనే. నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక్కటి చెప్పు. ఆ బుధవారం నేను సంచీ పట్టుకుని వచ్చినప్పుడు సర్వర్ ఉందా?"

"ఉంది పెద్దమ్మా."

"నీకు తెలుసా అప్పటికి?"

"తెలుసు."

పెద్దమ్మ తల ఊపింది. గోడ ఊతగా లేచి, తడుముకుంటూ మంచం వైపు కదిలింది. దారిలో పీట కాలికి తగిలి తూలింది. మిషనక్క గభాల్న లేచి రెక్క పట్టుకోబోయింది.

"వద్దు," అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. మంచం పట్టె దొరికేదాకా ఒక్కతే గాలిలో చెయ్యి ఆడించుకుంటూ వెళ్ళి, పడుకుని, గోడకేసి తిరిగింది.

మిషనక్క పళ్ళెం కడిగి బోర్లించి, తలుపు దగ్గరికి వేసి ఇంటికొచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. తెర వెనక భర్త మెలకువగానే ఉన్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"తిట్టిందా?"

"తిట్టలేదు."

"మరి ఏడుపెందుకే?"

"తిట్టి ఉంటే రేపు మళ్ళీ వెళ్ళేదాన్నయ్యా," అంది.